ఇబ్రహీంపట్నంలో ఆల్చిప్పల పొర: నేను చెప్పిన సముద్రం, సత్తెమ్మ చెప్పిన బట్టి

ఆదివారం వస్తే ప్లాట్లు చూపించడానికి ఉచితంగా తీసుకెళ్లే వ్యాన్ల గురించి హైదరాబాదులో ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఎక్కించుకుంటారు, దారిలో కూల్‌డ్రింకు ఇస్తారు, రంగురంగుల జెండాల మధ్య ఎండలో తిప్పుతారు, చివర్లో బిర్యానీ పొట్లం చేతిలో పెట్టి దింపేస్తారు. ఔటర్ రింగు రోడ్డు వస్తోందన్న మాట పుట్టినప్పటి నుంచి సాగర్ రోడ్డు మీద ప్రతి వారం ఇదే జాతర. మా ఆయన పోరు పడలేక మూడు నెలల కిందట నేనూ ఒక వ్యాను ఎక్కాను. ఇబ్రహీంపట్నం దాటాక మంచాల రోడ్డులో ఉంది ఆ వెంచరు. పేరు రాయను. నలభై ఒకటో నంబరు ప్లాటు చూడగానే నచ్చింది. తూర్పు ముఖం, దూరంగా చెరువు మీద మెరిసే వెలుతురు, వెనకాల చిన్న వాగు. ఆ ప్లాటు పక్కనే మురుగు కాలువకని తవ్విన కందకంలో నాకు ఒక ఆల్చిప్ప దొరికింది. ఈ టపా రాయడానికి కారణం అదే.

నేను ఒక డిగ్రీ కాలేజీ భూగర్భశాస్త్రం ల్యాబులో అసిస్టెంటుని. పద్దెనిమిదేళ్లుగా రాళ్ల సొరుగులు తుడిచి, చీటీలు అతికించి, పరీక్షలప్పుడు వరుసగా పేర్చి పెట్టడం నా పని. అందుకే చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. చెరువుల్లో దొరికే చిప్ప పల్చగా ఉంటుంది, లోపల మెరుస్తుంది, రెండు రేకులూ ఒకేలా ఉంటాయి. ఇది అలా లేదు. అరచేయంత ఉంది, రొట్టెలు దొంతిగా పెట్టినట్టు పొరలు పొరలుగా మందంగా ఉంది, ఒక పక్క దొప్పలా లోతుగా ఉంది, బరువుకి రాయే. మా ల్యాబులో గోదావరి జిల్లాల్లోని పంగిడి వైపు నుంచి తెచ్చిన ఆల్చిప్పలు కొన్ని ఉన్నాయి. రాక్షసబల్లుల కాలం ముగిసిపోయే వేళకు అక్కడి సముద్రంలో బతికి, తర్వాత జాతితో సహా అంతరించిపోయిన రకం. అచ్చం అదే ఇది.

అక్కడే నోరు జారాను. వ్యానులో వచ్చిన వాళ్లంతా వినేలా, "ఇది కోట్ల ఏళ్ల నాటి సముద్రపు గుల్ల! ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది!" అని అరిచేశాను. ప్లాట్లు చూపించే శ్రీకాంత్ పరుగున వచ్చి, "పక్కానా మేడమ్?" అన్నాడు. "పక్కా," అన్నాను. మర్నాడు కాలేజీలో మా సారుకి చూపిస్తే ఆయన నవ్వి, "ఇబ్రహీంపట్నం అంతా గ్రానైటు తల్లీ. ఆ రాయి పుట్టేనాటికి ఆల్చిప్పలే పుట్టలేదు. ఎవరో పారేసి ఉంటారు," అన్నారు. అది నాకు తెలియని సంగతి కాదు. కానీ ఆ నవ్వు నచ్చలేదు. గ్రానైటు మీదకి ఎప్పుడో సముద్రం వచ్చి వెనక్కిపోయి, ఏ పల్లంలోనో కాస్త పొర మిగిలి ఉండకూడదా? అది నా చేతికే దొరకకూడదా? ఇన్నేళ్లు ఇతరులు తెచ్చినవాటికి చీటీలు అతికించాను, ఒక్క చీటీ మీదైనా నా పేరు ఉండాలనిపించింది. ఆశ అంటే అదే మరి. గురువారం సెలవు పెట్టి బయలుదేరాను.

వెళ్లాలనుకునేవాళ్లు ఎల్బీనగర్‌లో 277 నంబరు బస్సు ఎక్కండి. పొద్దున ఏడుంపావు తర్వాత అయితే నగరం నుంచి బయటికి వెళ్లే బస్సులు ఖాళీగా ఉంటాయి, ఎదురు దిక్కు నుంచి వచ్చేవి మాత్రం కిటకిటలాడుతుంటాయి. నాకు టికెట్టు పద్నాలుగు రూపాయలైంది. బీఎన్ రెడ్డి నగర్ దాటి, తుర్కయంజాల్ మీదుగా మన్నెగూడ వచ్చేసరికి రోడ్డుకి రెండువైపులా ప్లాట్ల బోర్డులే. పొలాల్లో పంటకి బదులు తెల్లరంగు వేసిన హద్దురాళ్లు వరుసలు కట్టి ఉన్నాయి. గంటకి ఐదు నిమిషాలు తక్కువలో ఇబ్రహీంపట్నంలో దిగాను. నా సంచిలో సుత్తి, ఉలి, రెండు బ్రష్షులు, టేపు, ఆసిడ్ చుక్కల సీసా ఉన్నాయి. బరువు చూసి కండక్టరు అనుమానంగా చూశాడు కానీ లగేజీ కొట్టలేదు.

డిపో దగ్గర తడిక కట్టిన ఒక చిన్న హోటల్లో పూరీ బాగుంటుంది, ప్లేటు పది రూపాయలు. పూరీలు వేస్తున్నావిడ నా సంచి వంక చూసి, "ప్లాటు సూడనీకి వచ్చినవా అక్కా?" అని అడిగింది.

"మంచాల రోడ్డుల ఉన్న వెంచర్‌కు పోవాలె."

"గా సముద్రమున్న జాగనా! నిన్న మొన్నటిసంది అందరు గదే ముచ్చట. పట్నంకెల్లి కాలేజి మేడమ్ వచ్చి చెప్పిందట. కొనుక్కో అక్కా, లచ్చిందేవి పుట్టింది సముద్రంలనే గద."

నిజం చెప్పొద్దూ, సిగ్గు కంటే గర్వమే ఎక్కువ కలిగింది. ఆ మేడమ్‌ని నేనేనని చెప్పకుండా ఇంకో పూరీ వేయించుకున్నాను.

అక్కడి నుంచి షేర్ ఆటో ఉంటుంది గానీ వెంచర్ లోపలికి పోదు. నేను యాదగిరి అనే ఆయన ఆటో రానూ పోనూ మాట్లాడుకున్నాను, నూట ఇరవై. మనిషి నలభై ఏళ్లవాడు, మాట కాస్త మొరటు, కానీ పని తెలిసినవాడు. "తవ్వుడు గివ్వుడు ఉన్నదంటున్నవ్, గడ్డపార ఏదక్కా? గీ చిన్న సుత్తితోని ఏం తవ్వుతవ్?" అని, దారిలో తన ఇంటి దగ్గర ఆపి గడ్డపార, పార వేసుకొచ్చాడు. తొమ్మిదిన్నరకి నలభై ఒకటో ప్లాటు దగ్గర దింపి, ఇంకో బేరం చూసుకుని మధ్యాహ్నం వస్తానని పనిముట్లు వదిలి వెళ్లాడు.

కందకం నడుము లోతు ఉంటుంది. గోడని బ్రష్షుతో శుభ్రం చేస్తూ పోతే గంటలోపే అసలు సంగతి బయటపడింది. ఒక్క గుల్ల కాదు, పొర. పైన రెండడుగులు ఎర్ర మొరం, దాని కింద జానెడు మందాన ఆల్చిప్పలు, వాటి కింద వేలెడు మందాన నల్లటి గీత. పొడవు కొలిస్తే ఎనిమిదడుగులు వచ్చింది. ఇంకో విశేషం ఉంది. చిప్పలన్నీ దొప్ప పక్క కిందికి, వీపు పైకి బోర్లా పడి ఉన్నాయి. నీటి ప్రవాహంలో గుల్లలు అలా బోర్లా తిరిగి స్థిరపడతాయని మా మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. కింద ఉన్న నల్లగీత సముద్రం అడుగున కుళ్లిన బురద అనుకున్నాను. మా సారు నవ్వు గుర్తొచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, కందకంలోనే ఒక్క గంతు వేశాను.

ఎవరూ లేరనుకోవడం కూడా పొరపాటే. గట్టు మీద హద్దురాయికి ఆనుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి, ముతక చీర, ఒళ్లో గుడ్డసంచి. తర్వాత తెలిసింది, ఆమె పేరు సత్తెమ్మ, ఇబ్రహీంపట్నం అంగట్లో తమలపాకులకి రాసుకునే సున్నం చిన్న డబ్బీల్లో పెట్టి అమ్ముతుంది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అంది.

వినేవాళ్లు దొరికితే నేను ఆగే మనిషిని కాదు. ఒక చిప్ప చేతికిచ్చి మొత్తం పాఠం చెప్పాను. ఎన్ని కోట్ల ఏళ్లు, ఏ జాతి, ఎట్లా అంతరించింది, అన్నీ. "సూడు అవ్వా, అన్ని బోర్ల పడ్డయి. అలలు ఇట్ల తిప్పి పండవెట్టినయి," అన్నాను.

ఆమె చిప్పని తిప్పి చూసింది. దాని అంచు బొటనవేలితో ఒకసారి రుద్దింది. "ఓహో. అయితే గా సముద్రం మేడమ్‌వి నువ్వేనా?"

"అవ్," అన్నాను, ముసిముసిగా నవ్వుతూ.

"నా నోట్ల మన్ను గొట్టినవ్ గద బిడ్డా," అంది.

గొంతు పెంచలేదు. కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. నేను కందకంలోంచి పైకొచ్చి ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాను. ఆమె చెప్పింది ఇదీ. ఆమె అత్తగారిది సున్నం కాల్చే కుటుంబం. ఊరి భూముల లెక్క రాసే పాత పహాణీలో 'సున్నం బట్టి, ఆరు గుంటలు' అని ఆమె మామ పేరున రాసి ఉంది. దాని నకలు సంచిలోనే ఉంది, పాలిథిన్ కవర్లో మడతలు పెట్టి. కానీ ఆ ఆరు గుంటలు ఎక్కడో అందులో గీసి లేదు. వెంచర్ వాళ్లు జేసీబీతో బట్టి గోడలు పడగొట్టి, గుంత పూడ్చి, బట్టి ఉన్నది ఇక్కడ కాదు వాగు అవతల రాళ్లలో అంటున్నారు. ఎరిగిన పెద్దమనుషులు కొందరు పోయారు, ఉన్నవాళ్లు తమ పొలాలు ఆ వెంచర్‌కే అమ్ముకున్నారు, వాళ్లూ వాగు అవతలే అంటున్నారు. మూడు దరఖాస్తులు పెడితే ఈరోజు మూడు గంటలకి మండలాఫీసు నుంచి గిర్దావర్, అదే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, పంచనామాకి వస్తున్నాడు.

"నా కాడ సాక్ష్యమంటే గీ గుల్లలే. బట్టి లేకుంటే గుల్లలు ఏడికెల్లి వస్తయని అడిగిన. గా శ్రీకాంత్ ఏమన్నడో ఎర్కేనా? ఇవి బట్టివి కావు అవ్వా, ఈడ సముద్రముండె, భూమిలనే పుట్టినయి, కాలేజి మేడమ్ పక్కా అని చెప్పింది అన్నడు. ఆఫీసుల గూడ గదే చెప్పిండట. కిరాయి అర్రల పడి ఉంటున్న. ఆరు గుంటలు వస్తే ఒక మూలకు రేకులేసుకొని ఉందామనుకున్న. ఇగ మూడింటికి అన్ని అయిపోతయి."

తల కొట్టేసినట్టయింది. గర్వపడి తిన్న రెండో పూరీ కూడా గుర్తొచ్చింది. అయినా వెంటనే ఒప్పుకోబుద్ధి కాలేదు, అది కూడా దాచను. "మరి ఇట్ల వరుసగా బోర్ల ఎట్ల పడ్డయి అవ్వా? పారేసినవి అయితే చిందరవందరగ ఉండాలె గద?" అన్నాను.

"పడుడేంది బిడ్డా? పేర్చినం." చేతిలో ఉన్న చిప్పని నేల మీద బోర్లా పెట్టింది, దాని అంచుకి ఆనించి ఇంకోటి. "ఎల్లకిల పెడితే దొప్పల బూడిద నిండుతది, నడుమల కాలది. బోర్ల పెడితే కిందికెల్లి సెగ పట్టుకుంటది. మా అత్త నేర్పింది. కింద బొగ్గు, మీద గుల్ల, మళ్ల బొగ్గు, మళ్ల గుల్ల. ఇది ఆఖరి బట్టి. పట్నంల ఒక నవాబు దేవిడీ గోడలకు అద్దం లెక్క మెరిసే పూతకని ఒప్పుకున్నరు. రాజమంద్రి దిక్కుకెల్లి రైలుల మూటలొచ్చినయి, కాచిగూడల దింపుకొని బండ్లమీద తెచ్చినం. ఈడ అప్పుడు కట్టె సస్తగ దొరికేది. ఒక వరుస పేర్చినమో లేదో, సిమెంటు ఏస్తరట, సున్నం వద్దని కబురొచ్చింది. మామ ఇగ బట్టి ముట్టియ్యలే. గీ వరుస నేను పేర్చిందే. కొత్త కోడల్ని అప్పుడు."

కందకంలోకి మళ్లీ దిగాను. ఈసారి ఆశతో కాకుండా కళ్లతో చూశాను. నల్లగీతని గోటితో గీస్తే బొగ్గు, కట్టె చారలు కనిపిస్తూనే ఉన్నాయి. పొర చివర మట్టి ఇటుకలా ఎర్రగా కాలి గట్టిపడి ఉంది, అంతకుముందు కాల్చిన బట్టీల సెగకి. చిప్పల లోపల అంటుకున్న రాయి ఈ నేలది కాదు, గోదావరి వైపు సున్నపురాయి, ఆసిడ్ చుక్క వేస్తే పొంగింది. చుట్టూ ఉన్న మొరం మీద వేస్తే ఉలకలేదు, పలకలేదు. పొద్దున ఇవన్నీ నా ముందే ఉన్నాయి. చూడాలనుకోలేదు కాబట్టి చూడలేదు.

ఆల్చిప్పలు మాత్రం నిజమైనవే. ఆరున్నర కోట్ల ఏళ్లనాటివే, అంతరించినవే. కాకపోతే అవి ఇక్కడికి అలల మీద రాలేదు, రైల్లో వచ్చాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకి యాదగిరి వచ్చాడు. దగ్గర్లో హోటళ్లేమీ లేవు, మీరు వెళ్తే తిండి, నీళ్లు వెంట తీసుకెళ్లండి. సత్తెమ్మ సంచిలోంచి జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు తీసి మా ఇద్దరికీ పెట్టింది. ఆమె నోట్లో మన్ను కొట్టినదాన్ని, ఆమె రొట్టె తింటుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మా ఆయన ఫోన్ చేశాడు, ప్లాటు సంగతి సాయంత్రంలోగా తేల్చమని వెంచర్ వాళ్లు అన్నారట. చూస్తానన్నాను. నలభై ఒకటో ప్లాటు పోతుందని అప్పటికే అర్థమైంది. బాధ లేదంటే అబద్ధం. ఇరవై ఏళ్లుగా అద్దె ఇళ్లలో ఉంటున్నవాళ్లం, ఆ తూర్పు ముఖంలో వంటిల్లు ఎక్కడ ఉండాలో కూడా అప్పటికే అనుకుని ఉన్నాను.

రెండున్నరకి శ్రీకాంత్ మోటార్‌సైకిలు మీద వచ్చాడు. నన్ను చూడగానే అతని మొహం వెలిగిపోయింది. "దేవుడు పంపినట్టే వచ్చిండ్రు మేడమ్! గిర్దావర్ సార్ వస్తుండు. గా సముద్రం ముచ్చట ఒక్కసారి మీ నోటితోని చెప్పుండ్రి చాలు. నలభై ఒకటి మీకే రాసిపెట్టిన, కార్నర్ రేటు కూడ ఎయ్యం."

"నేను చెప్పేది నీకు నచ్చదు తమ్ముడూ," అన్నాను. అతను నవ్వాడు, హాస్యం అనుకున్నాడు.

గిర్దావర్ మూడుంపావుకి ఒక ఉద్యోగిని వెంటబెట్టుకుని వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, ఎండకి అలిసిపోయి ఉన్నాడు. గొడుగు కింద కుర్చీ వేస్తే కూర్చోలేదు, అది మాత్రం నాకు నచ్చింది. పంచనామా అంటే తెలియనివాళ్లకి: ఊరివాళ్లు నలుగురి ఎదుట స్థలం చూసి, ఎవరేం చెప్పారో అక్కడికక్కడే కాగితం మీద రాసి సంతకాలు తీసుకుంటారు. శ్రీకాంత్ ముందుకొచ్చి, "ప్రొఫెసర్ మేడమ్ సార్, గుల్లలు గుర్తుపట్టింది ఈమెనే," అన్నాడు.

"ప్రొఫెసర్‌ని కాదు సార్, ల్యాబ్ అసిస్టెంట్‌ని," అన్నాను. తర్వాత చెప్పాల్సింది చెప్పాను. ఇక్కడి రాయి ఏమిటో, ఈ గుల్లలు ఈ నేలలో ఎందుకు పుట్టలేవో, బొగ్గు ఏమిటో, కాలిన మట్టి ఏమిటో. "ఈడ సముద్రం లేదు సార్. మనుషులు తెచ్చి పేర్చినవి ఇవి."

శ్రీకాంత్ మొహం మాడిపోయింది. "గదేంది మేడమ్! మొన్న అందరి ముందట పక్కా అన్నరు గద?"

"అన్న. తప్పు చెప్పిన."

గిర్దావర్ కలం మూత పెట్టేశాడు. "మొన్న ఒకటంటిరి, ఇయ్యాల ఒకటంటిరి. రేపొచ్చి ఇంకోటి అనరని ఏంది? నేను ఏది రాయాలె?"

ఆయన అన్నది న్యాయమే. నోటికొచ్చినట్టు ఒకసారి మాట్లాడినవాళ్ల మాటకి రెండోసారి విలువ ఉండదు, సరిగ్గా అవసరమైన రోజునే ఉండదు. సత్తెమ్మని నేనే ముంచాను, ఇప్పుడు నేనే తేల్చలేకపోతున్నాను.

సత్తెమ్మ లేచి కొంగు బిగించుకుంది. "మేడమ్ మాట ఇడిసిపెట్టు సార్. నా మాట గూడ ఇడిసిపెట్టు. తవ్వి సూడుండ్రి. ఏం ఎల్తదో నేను ముందుగల్ల చెప్త, నువ్వు రాసుకో. తర్వాత తవ్వుండ్రి. లేకుంటే నా దరఖాస్తు చింపెయ్."

ఆయన మళ్లీ కలం మూత తీశాడు. "చెప్పు."

ఆమె కాలిన మట్టి అంచు దగ్గర నిలబడి మోచేత్తో నేల కొలుచుకుంటూ పోయింది. నాలుగు మూరలు. అక్కడ కాలు పెట్టి ఆగింది. "గీడ నడుమ. గుల్లలు అంచుకెల్లి నడుమకు గుండ్రంగ వరుసలు వస్తయి. గీడ సెగ పీల్చుకునే గొట్టముంటది. మూడు కుండలు, అడుగులు పగలగొట్టి ఒకదాని మీద ఒకటి నేలలకు దించి నిలవెట్టినం. మీది కుండ మూతి ఒక దిక్కు పలిగి ఉంటది. అది నా చెయ్యి జారి పలిగింది. మా అత్త తిట్టింది గూడ యాదికున్నది." గిర్దావర్ రాసి, పైకి చదివి వినిపించాడు. శ్రీకాంత్‌ని కూడా విన్నావా అని అడిగాడు.

యాదగిరి గడ్డపార అందుకున్నాడు. పైన ఉన్నది జేసీబీ పోసిన వదులు మొరం కాబట్టి పని చకచకా సాగింది. రెండడుగుల తర్వాత నేను పార ఆపించి బ్రష్షు పట్టాను, ల్యాబు ఉద్యోగం ఆ పూటకి అక్కరకొచ్చింది. ముందు చిప్పల వరుసలు తేలాయి. బోర్లా, ఒకదాని అంచుకి ఒకటి, పల్లెం అంచులా వంపు తిరుగుతూ. వాటి మధ్యలో మట్టి నిండిన కుండ మూతి. ఒక పక్క అరచేతి వెడల్పున పగిలి ఉంది. గిర్దావర్ మోకాళ్ల మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, కుండలోని మట్టి తీస్తూ భుజం దాకా చెయ్యి పెట్టాడు. కింద కుండకి కూడా అడుగు తగల్లేదు ఆయనకి.

లేచి చెయ్యి దులుపుకుని, "అవ్వా, ఎన్నేండ్లయింది ఇది పేర్చి?" అన్నాడు.

"నా పెండ్లైన యాడాదే సార్."

బట్టి స్థలం ఇదేనని ఆయన రాశాడు. సత్తెమ్మ వేలిముద్ర వేసింది, యాదగిరి సంతకం పెట్టాడు, శ్రీకాంత్ ఫోన్‌లో ఎవరితోనో కాసేపు మాట్లాడి వచ్చి తనూ పెట్టాడు. అతనిది పాపం ఉద్యోగం. నా వంతు వచ్చినప్పుడు గిర్దావర్ కాగితం నా వైపు తిప్పి, "మీరు చెప్పేది మీ చేతితోనే రాయుండ్రి, రేపు మార్చనీకి లేకుండ," అన్నాడు. ఇక్కడ సముద్రం లేదు, ఈ గుల్లలు సత్తెమ్మ పేర్చినవి, ఇంతకుముందు నేను చెప్పింది తప్పు అని మూడు వాక్యాలు రాసి, పూర్తి పేరు, తండ్రి పేరు, ఉద్యోగం రాసి సంతకం చేశాను. ఒక ఆల్చిప్పల పొరకి నా పేరు తగిలించాలని కదా పొద్దున బయలుదేరాను, తగిలింది.

తిరుగు ప్రయాణంలో యాదగిరి డబ్బులు తీసుకుంటూ గడ్డపార కిరాయి అడగలేదు. ఐదున్నర తర్వాత ఇబ్రహీంపట్నం నుంచి నగరానికి వచ్చే బస్సులు ఇంజనీరింగు కాలేజీల పిల్లలతో నిండిపోతాయి, మన్నెగూడ దాకా నిలబడే వచ్చాను. ఇంటికెళ్లి మా ఆయనకి చెప్తే రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. నెల తిరక్కముందే శ్రీకాంత్ ఫోన్ చేసి, ఆరు గుంటలు లేఅవుట్ నుంచి తీసేశారని, నలభై ఒకటి లేదని, అరవై ఏడు ఇస్తానని చెప్పాడు. వద్దన్నాను. సత్తెమ్మని తర్వాత ఒకసారి అంగట్లో కలిశాను. రేకులు వేసుకుందట. బట్టి గుంత పూడ్చలేదట, ఎందుకంటే "సూడనీకి వస్తుండ్రు బిడ్డా, పూడిస్తే ఏం సూపియ్యాలె?" అంది. నాకో సున్నం డబ్బీ ఇచ్చి డబ్బులు తీసుకుంది, నాకదే బాగుందనిపించింది.

ఈ ప్రయాణం గురించి ఆలోచిస్తే నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది నా తప్పు కాదు, ఆ తప్పు ఎంత చదువుకున్న తప్పో అన్నది. బోర్లా పడ్డ గుల్లల గురించి నాకు తెలిసింది నిజమే, పుస్తకంలో ఉన్నదే. ఆ నిజాన్ని తెచ్చి ఒక మనిషి చేతిపని మీద పెట్టాను. ఎప్పుడూ చూడని సముద్రాన్ని నమ్మడం నాకు తేలికైంది, పది అడుగుల దూరంలో హద్దురాయికి ఆనుకుని కూర్చున్న మనిషికి మాత్రం పాఠం చెప్పాను. మీలో ఎవరైనా ఇలాంటి చోట్లకి గుల్లల కోసం, రాళ్ల కోసం వెళ్తుంటే ఒక్కటే సలహా. టేపు, బ్రష్షు, నీళ్ల సీసా ఎలాగూ తీసుకెళ్తారు. కానీ అవి నీటి వాలుకి అలా పడ్డాయని తేల్చేముందు, పేర్చినవాళ్లు ఇంకా బతికే ఉన్నారేమో ఊళ్లో ఒకసారి అడగండి.